పద్నాలుగో నిబంధన

ముక్కుకి గొట్టం, పక్కన మిషను, నోటి నిండా వెటకారం. బావగారి బతుకంతా ఆ మంచం మీదే. నూలుమిల్లులో ముప్ఫై ఏళ్లు పీల్చిన దూది ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. గాలిలోంచి ఆక్సిజన్ తీసి పంపే ఆ మిషను కరెంటు ఉంటేనే నడుస్తుంది. కరెంటు పోతే వాడుకోవడానికి మంచం కింద చిన్న సిలిండరు ఒకటుంది. అది నలభై నిమిషాలు వస్తుంది. ఆ తర్వాత ఏమిటన్నది ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడుకోరు.

ఆయన బావమరిది విద్యుత్ నియంత్రణ మండలిలో సభ్యుడు. కరెంటు అమ్మే కంపెనీలు జనాన్ని ముంచకుండా, ఒకదాన్నొకటి మింగకుండా చూడటం అతని ఉద్యోగం. లంచం ముట్టడు, సిఫారసు వినడు, భోజనాల దగ్గర కూడా ఫైలు వదలడు. ఆఫీసులో అందరికీ సభ్యుడుగారు. నోరు తెరిస్తే నిబంధనే అంటాడని బావగారికి మాత్రం క్లాజుగారు.

"ఏం క్లాజుగారూ, ఇవాళ ఎవరి మెడలు వంచారు?" అని అడిగేవారు బావగారు, ఆదివారం అతను రాగానే. మూడు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకునేవారు. వెటకారానికి మాత్రం ఆయాసం ఉండేది కాదు.

"మీరు మాట్లాడకండి బావా, ఆయాసం వస్తుంది."

"నేను మాట్లాడకపోతే మీ అక్క మాట్లాడుతుందిరా. దానికంటే ఆయాసమే నయం."

అక్క వంటింట్లోంచి గరిటె చూపించేది. చిన్నప్పుడే తల్లి పోతే ఆ చేతులే సభ్యుణ్ణి పెంచాయి. లోకంలో అతను తలవంచే మనుషులు ఆ ఇద్దరే.

ఒకప్పుడు ఊరంతటికీ కరెంటు ఇచ్చేది ఒకే ప్రభుత్వ సంస్థ. ఫోను ఎత్తేవారు కాదు, ఎత్తితే కసిరేవారు, మీటరు కావాలన్నవాడు ఆర్నెల్లు చెప్పులరిగేలా తిరిగేవాడు. దీన్ని మార్చాలని సభ్యుడు పదేళ్లు పట్టుబట్టి కూర్చున్నాడు. చివరికి మార్చాడు. స్తంభాలూ తీగలూ పాత సంస్థకే ఉంచి, ఆ తీగల మీద కరెంటు ఎవరైనా అమ్ముకోవచ్చన్నాడు. మూడు కొత్త కంపెనీలు దిగాయి. రేట్లు తగ్గాయి, అడిగిన వారానికి మీటర్లు వచ్చాయి. ఇది నిజం, కాదంటే కళ్లు పోతాయి.

ఏడాది తిరక్కుండానే కొత్త కంపెనీల్లో ఒకటి ఫిర్యాదు పెట్టింది. పాత సంస్థ లైన్‌మన్లు కొన్ని స్తంభాలకు ఎర్రగీత గీసుకున్నారని, ఆ గీత ఉన్న ఇళ్లకు ప్రత్యేక మర్యాదలు చేస్తున్నారని, ఆ ఇళ్లన్నీ పాత సంస్థ ఖాతాదారులవేనని, ఇది సమానపోటీకి విరుద్ధమని దాని సారాంశం. సభ్యుడు లెక్క తీయించాడు. గీతలున్న ఇళ్లు నూట డెబ్భై. నూట డెబ్భైకి నూట డెబ్భై పాత సంస్థవే.

విచారణకు ముందురోజు ఒక లైన్‌మన్ అతని గదికి వచ్చాడు. ఆరడుగుల పైన మరో నాలుగంగుళాలు ఉంటాడు, అందరూ నిచ్చెన అంటారు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"సార్, ఆ గీతలు మేం గీసినవే. గీత ఉందంటే ఆ ఇంట్లో మిషను మీద బతికే మనిషున్నట్టు. అలాంటివాళ్లెవరూ భయపడి కంపెనీ మారలేదు. స్విచ్చి లాగేముందు ఆ ఇంటికెళ్లి చెప్తాం. వాళ్లు పెద్ద సిలిండరు తెచ్చుకున్నాకే లాగుతాం. మా నాన్న లైన్‌మనుగా ఉన్నప్పట్నుంచీ ఇంతే."

"ఇది ఎక్కడ రాసుంది?"

"ఎక్కడా లేద్సార్. స్తంభం మీదే."

"వానకి రంగు పోతే?"

"మళ్లీ గీస్తాం."

"నువ్వు బదిలీ అయితే?"

"వచ్చినోడికి చెప్పి వెళ్తాను."

"చెప్పడం మర్చిపోతే? ఇన్ని ప్రాణాలు ఒక రంగు డబ్బాకి వదిలేస్తామా?"

 నిజానికి ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. నిచ్చెన తలగోక్కుని, "మీ అక్కగారి వీధిలో నాలుగో స్తంభం నేనే గీశాను సార్," అన్నాడు.

సభ్యుడి మొహం మాడిపోయింది. "మా ఇంటివాళ్ల పేరెత్తి పని జరుపుకుందామనుకుంటున్నావా? ఇక వెళ్లు," అన్నాడు. నిచ్చెన పాపం నమస్కారం పెట్టి మరీ వెళ్లాడు.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. గీతలన్నీ చెరిపేయాలి. వాటి బదులు రక్షిత వినియోగదారుల జాబితా ఉంటుంది. మిషను మీద బతికేవాళ్లు తమకు కరెంటు అమ్మే కంపెనీకి దరఖాస్తు పెట్టుకుంటే, కంపెనీ ఆ పేర్లను తీగల సంస్థకు పంపుతుంది. లైన్‌మన్లు జాబితాలో ఉన్న ఇళ్లకే కబురు చెప్పాలి, లేని ఇంటి గడప తొక్కితే పక్షపాతం కింద చర్య. అందులో సభ్యుడు మురిసిపోయి రాసుకున్నది పద్నాలుగో నిబంధన. ఖాతాదారుడు కంపెనీ మారితే అతని జబ్బు వివరాలు పాత కంపెనీ కొత్త కంపెనీకి ఇవ్వకూడదు, ఆ పేరు జాబితాలోంచి తీసేయాలి, అతనే మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. ఎందుకంటే జబ్బుమనుషులున్న ఇల్లని ముందే తెలిస్తే కొత్త కంపెనీ ఏదో వంకపెట్టి తప్పించుకుంటుంది. రోగుల మేలు కోరే రాశాడు. ఆ మాట అతన్ని తిట్టేవాళ్లు కూడా ఒప్పుకోవాలి.

పాత సంస్థలో బావగారి దరఖాస్తు తనే దగ్గరుండి నింపాడు. నాలుగో స్తంభం మీద బూడిదరంగు పూస్తుంటే కిటికీలోంచి బావగారు చూసి, "నా బొట్టు చెరిపేస్తున్నారు చూడవే," అన్నారు అక్కతో. అక్క ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు.

తర్వాత ఒక పత్రికవాడు కూపీ లాగాడు. పోటీ, పోటీ అని ఊదరగొట్టే మండలి సభ్యులు, వాళ్ల బంధువులు ఇంకా పాత సంస్థ కరెంటే వాడుతున్నారని రాశాడు. సభ్యుడికి తల కొట్టేసినట్టయింది. ఆ వారంలోనే తన ఇంటిని కొత్త కంపెనీకి మార్పించాడు. ఆదివారం అక్క ఇంటికి ఇంకో కాగితం పట్టుకుని వెళ్లాడు.

"నా ఊపిరికి కూడా టెండరు పిలుస్తావేంట్రా?" అన్నారు బావగారు.

"కరెంటు అదే బావా, తీగా అదే. అమ్మేవాడే మారతాడు."

"మారితే ఏమవుతుంది?"

"ఏమీ అవదు."

"ఏమీ అవనిదానికి మార్చడం ఎందుకురా?" అని నవ్వి, దగ్గి, మళ్లీ నవ్వి, "సరే, నీ పరువు కోసం," అని చెయ్యి చాపారు. వేళ్లు వణుకుతున్నాయని సభ్యుడే ఆయన తరఫున సంతకం చేశాడు. ఫోను నంబరు దగ్గర తన నంబరే వేశాడు, కబుర్లు తను చూసుకుంటాను కదా అని. కొత్త కంపెనీ ఒక పుస్తకం ఇచ్చింది. జబ్బుమనుషుల దరఖాస్తు అందులో పదకొండో పేజీలో ఉంది. సభ్యుడు ఆ పుస్తకం తెరవలేదు. పద్నాలుగో నిబంధన ఊళ్లో ప్రతి ఖాతాదారుడికీ వర్తిస్తుందని అతనికి తెలుసు. తన బావగారు కూడా ఒక ఖాతాదారుడేనని మాత్రం తట్టలేదు. చట్టం రాసేవాళ్లకు ఈ జబ్బొకటి ఉంటుంది, రాసిన చెయ్యి తనదైతే అది తన ఇంటి గుమ్మం దగ్గర ఆగిపోతుందనుకుంటారు.

మూడు నెలలు గడిచాయి. ఒక మంగళవారం పొద్దున పదకొండింటికి పోటీ మీద సదస్సులో అతను వేదికెక్కబోతుండగా ఫోనులో సందేశం వచ్చింది. అక్క వాళ్ల వీధిలో ట్రాన్స్‌ఫార్మరు మరమ్మతు, మూడు గంటలు కరెంటు ఉండదు. చదివాడు. బావగారు జాబితాలో ఉన్నారు, ఇంటికెళ్లి చెప్తారు అనుకున్నాడు. మనసులో కాస్త గర్వపడ్డాడు కూడా. ఫోను గొంతు నొక్కి జేబులో వేసుకున్నాడు.

మిషను ఆగగానే అక్క చిన్న సిలిండరు తగిలించింది. తమ్ముడికి ఫోను చేసింది, ఎత్తలేదు. కంపెనీకి చేసింది. ఒకటి నొక్కమన్నారు, మూడు నొక్కమన్నారు, మీ కాల్ మాకెంతో ముఖ్యం అన్నారు. చివరికి మనిషి గొంతు దొరికితే, తీగల సంగతి మాది కాదమ్మా, పాత సంస్థని అడగండి అంది. పాత సంస్థవాళ్లు మీ పేరు జాబితాలో లేదు, మీ కంపెనీనే అడగండి అన్నారు. అక్క మళ్లీ తమ్ముడికి చేసింది. మొత్తం పదిహేడుసార్లు చేసింది. పెద్ద సిలిండరు కోసం పక్కింటాయన బండి మీద పరుగెత్తాడు. అతను తిరిగొచ్చేసరికి గంటా పది నిమిషాలైంది. అప్పటికి బావగారు లేరు.

పదోరోజు నిచ్చెన సభ్యుడి ఇంటికి వచ్చాడు. మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"ఆ రోజు స్విచ్చి లాగింది నేనే సార్."

సభ్యుడు తలుపు పూర్తిగా తెరిచి పట్టుకున్నాడు. నిచ్చెన గడప దాటలేదు.

"పైకెక్కేముందు జాబితా చూశాను. ఆ వీధిలో ఒక్క పేరూ లేదు. మీ బావగారి పేరు ముందు ఉండేది, నాకు గుర్తే. తీసేశారంటే... పోయారు కాబోలు పాపం, అనుకున్నాను సార్. పలకరించడానికి కూడా రాలేదే అని సిగ్గేసి, ఆ ఇంటివైపు తలెత్తకుండా పని చేసుకున్నాను." గడపవైపు చూస్తూ అన్నాడు. "వంద గజాలు సార్. కేకేస్తే వినపడేది. ఆయన అప్పటికి బతికే ఉన్నారు."

సభ్యుడికి ఎవరినైనా తిట్టాలనిపించింది. ఎవరిని తిట్టాలో ఎంత వెతికినా దొరకలేదు. దొరికిన ఒక్కణ్ణీ తిట్టే ధైర్యం లేదు.

మండలి విచారణ వేసింది. అతను పక్కకు తప్పుకున్నాడు, అదీ పద్ధతి ప్రకారమే. తోటి సభ్యులు నెలరోజులు కూర్చుని నివేదిక రాశారు. అమ్మిన కంపెనీ నిబంధన తప్పలేదు. తీగల సంస్థ తప్పలేదు. లైన్‌మన్ తప్పలేదు. కంపెనీ మారాక వినియోగదారుడు తాజాగా దరఖాస్తు చేసుకోకపోవడమే లోపం. అంతా ఊపిరాడనివాడి నెత్తిన పెట్టి అందరూ చేతులు దులుపుకున్నారు.

నివేదిక నకలు అక్కకు టపాలో వెళ్లింది. ఆ సాయంత్రం సభ్యుడు వెళితే అక్క తలుపు తీసింది గానీ పక్కకు జరగలేదు.

"ఆయనదే తప్పటగా?"

"అది వాళ్లు రాసే భాష అక్కా. ఆయన్ని అన్నట్టు కాదు."

"ఆ కాగితం మీద సంతకం ఆయనది కాదు కదరా."

"నాది."

"మరి ఆ ముక్క ఇందులో ఎక్కడుంది?"

ఎక్కడా లేదు. దరఖాస్తు మీద ఎవరు సంతకం చేశారో ఎవరూ అడగలేదు, అతను చెప్పలేదు.  అక్క కోపంగా చూసినా బాగుండేది. ఎవరో దారి అడగడానికి వచ్చినవాణ్ణి చూసినట్టు చూసి తలుపు వేసేసింది. ఆ తర్వాత అతని ఫోను ఎత్తలేదు.

మరో రెండు నెలలకు, పోటీ పద్ధతిని మిగతా ఊళ్లకు కూడా పెట్టాలని మండలి అభ్యంతరాల విచారణ ఏర్పాటుచేసింది. అధ్యక్షస్థానంలో కూర్చునే వంతు సభ్యుడిది. వచ్చేవాళ్ల పేర్లు ముందే తెలిస్తే మొహమాటాలుంటాయని, జాబితాలో వరస సంఖ్యలే ఉండాలన్న పద్ధతి పెట్టిందీ అతనే. హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఎనిమిదిమంది మాట్లాడి వెళ్లారు. రేట్ల గురించి ఒకరు, మీటర్ల గురించి ఒకరు.

"తొమ్మిది," అన్నాడు గుమస్తా.

వెనక వరసలోంచి అక్క లేచింది.

చేతిలో ఒకే కాగితం. మైకు ఎత్తుగా ఉంటే గుమస్తా వంచి పెట్టాడు. అక్క తమ్ముడి వైపు చూసి రెండు చేతులూ జోడించి, "నమస్కారమండీ," అంది.  పుట్టి బుద్ధెరిగాక ఆ నోటివెంట అతను అండీ అన్న మాట వినలేదు.

కుర్చీ దిగి వెళ్లిపోదామనుకున్నాడు. వెళితే ఈ పూటకు విచారణ వాయిదా పడుతుంది, ఆమె మళ్లీ బస్సెక్కి మళ్లీ రావాలి. ప్రశ్నలు అడక్కుండా వదిలేద్దామనుకున్నాడు. అధ్యక్షుడు అడిగి రాయించకపోతే ఆ అభ్యంతరం రికార్డుకెక్కదు, రికార్డుకెక్కనిదానికి ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు. అక్క ఇవన్నీ చదువుకునే వచ్చింది. కాగితం మడిచి, అతను అడిగేదాకా ఆగి నిలబడింది.

సభ్యుడు ముందున్న పత్రం మీదికి తల వంచాడు.

"మీరు ఎవరి తరఫున మాట్లాడుతున్నారు?"

"చనిపోయిన ఖాతాదారుడి తరఫునండీ."

తర్వాతి ప్రశ్న అచ్చులోనే ఉంది. రెండుసార్లు చదువుకున్నాడు. మూడోసారి పైకి చదివాడు.

"ఆయన... మీకేమవుతారు?"

"నాకు భర్తండీ," అంది అక్క. తడుముకోలేదు. "తమరికి బావగారు. ఆయన పేరున సంతకం పెట్టింది తమరే. అదీ రాయించండి."

స్టెనో వేళ్లు ఆగిపోయాయి. ఆ అమ్మాయి తలెత్తి, రాయనా వద్దా అన్నట్టు సభ్యుడి వైపు చూసింది. హాలంతా చూసింది.

"రాయమ్మా," అన్నాడు సభ్యుడు. "అన్నీ రాయి."