ఆకుపచ్చ డాలు మీద శుక్రుడు

సాయంత్రం సమావేశం లోపు గున్వోర్ చేయాల్సిన పనులివి: హాల్లో కుర్చీలు వేయించాలి. బేకరీ నుంచి ఏలకుల బన్నులు తేవాలి. కాఫీకి పెద్ద కెటిల్ ఎవరినైనా అడగాలి. స్టాక్‌హోమ్ నుంచి వచ్చే ఊళ్ళ చిహ్నాలను ఖాయం చేసే అధికారిని రైలు దగ్గర కలవాలి. నాన్నను ఒప్పించాలి.

చివరిది తప్ప అన్నీ మధ్యాహ్నానికే అయిపోయాయి.

తాల్‌విక రాగి గని ఊరు. గని మూతపడింది. కొత్త సంవత్సరంలో ఊరు కూడా పక్కనున్న ఇనుప గనుల యార్న్‌బుడాలో కలిసిపోతుంది. ఆలోగా డాలు మీద గీసే సొంత చిహ్నం ఖాయమైతేనే ఉమ్మడి డాలులో తాల్‌వికకు సగం చోటు. లేకపోతే డాలు నిండా ఇనుముకు గుర్తయిన కుజుడి బాణమే.

గున్వోర్ ఊరి కార్యాలయంలో గుమాస్తా. వాళ్ళింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి. చిహ్నం గీసింది ఆమే: అడవిలాంటి ఆకుపచ్చ డాలు, మధ్యలో గుండ్రం, దాని కింద సిలువ. శుక్రుడి గుర్తు; రాగికీ పూర్వం నుంచి అదే గుర్తు.

గుర్తు గురించి తగువు లేదు, తగువంతా రంగు గురించే. ఆకుపచ్చ మీద ఎరుపు దూరానికి ఆనదు కాబట్టి డాళ్ళ మీద అది కుదరదనీ, బంగారు రంగో వెండి రంగో పెట్టమనీ అధికారి ముందే చెప్పాడు. ఊరి మండలిలో గని పనివాళ్ళ తరఫున కూర్చునే యాల్మార్, అంటే గున్వోర్ తండ్రి, రాగి ఎరుపు తప్ప ఇంకో రంగుకు ససేమిరా అన్నాడు. ఆయన చెయ్యెత్తకపోతే తోటి ముసలివాళ్ళెవరూ ఎత్తరు.

"మనం బంగారం తవ్వామా అమ్మాయ్? యార్న్‌బుడా వాళ్ళు పొట్ట పట్టుకు నవ్వుతారు."

"నవ్వడానికైనా మన గుర్తు వాళ్ళకి కనపడాలిగా నాన్నా. పడవెక్కు."

చెరువు రేవులో రెండు ఆకుపచ్చ గుడ్డలు కట్టించిందామె, ఒకదాని మీద ఎర్ర గుర్తు, రెండోదాని మీద బంగారు రంగుకు బదులు పసుపుది. యాల్మార్ గొణుక్కుంటూ తెడ్లు పట్టాడు. తెడ్లేసే మనిషి ముఖం విడిచిన ఒడ్డు వైపే ఉంటుంది. ఎదురుగా కూర్చున్న గున్వోర్ ఒడ్డును చూడలేదు, తండ్రి ముఖాన్నే చూసింది. చెరువు సగం దాటేసరికి ఆయన కళ్ళు చికిలించాడు. ఇంకొంచెం వెళ్ళాక తెడ్లు ఆగిపోయాయి.

"ఎడంచేతి వైపుది ఉత్త ఆకుపచ్చ గుడ్డేనే" అన్నాడాయన. తర్వాత నెమ్మదిగా, "ఆ పసుపు... రాతిలో ముడి రాగి అచ్చం అలాగే మెరిసేది. ఎరుపు కొలిమి వాళ్ళు చూసిన రంగు. లోపల దీపం పెట్టుకుని మేం చూసింది పసుపే."

"ఈ మాట హాల్లో చెప్తావా?"

"కాఫీ అయ్యాక చెప్తా. ముందే చెప్తే ఆ స్టాక్‌హోమ్ ఆయన తనే గెలిచాననుకుంటాడు."

చెప్పాడు. ముసలివాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, అవునవును పసుపే అంటూ చేతులెత్తారు. గున్వోర్ అక్కడికక్కడే తీర్మానం రాసేసింది.

ఇప్పుడు ఉమ్మడి డాలులో కుజుడి పక్కనే శుక్రుడున్నాడు. మీరెప్పుడైనా అటు వెళ్తే, రాగికి పసుపు రంగేమిటని పక్కవాళ్ళు అడిగితే, చెరువు మధ్యలో తెడ్లు ఆపిన యాల్మార్‌ని ఒక్కసారి తలుచుకోండి.