గురువారం గుంపు

బస్టాండులో మైకు ముందు కూర్చునే ఆవిడకి ఒక అలవాటుంది. ఏ ప్రకటనైనా ముందు మైకు ఆపి ఒకసారి తనలో తాను అనుకుంటుంది. నాలుక తడబడలేదని తేలాకే మీట నొక్కి అందరికీ వినిపిస్తుంది. ఆవిడ మాట నమ్మి బస్సు తప్పినవాళ్లు ఇంతవరకు లేరు. అలా రోజూ వందలమందికి కబుర్లు అందించే మనిషి, సొంతింట్లో అందించాల్సిన ఒక్క కబురు అందించలేదు. ఈ గొడవంతా దానివల్లే.

మూడేళ్ల కిందట ఒక సాయంత్రం కూతురు కాలేజీ నుంచి ఫోన్ చేసింది. "అమ్మా, వాన దంచేస్తోంది. గొడుగు తీసుకుని నాన్నని స్టాపు దగ్గరికి రమ్మను," అంది. ఆవిడ సరేనంది. కానీ పొద్దుటినుంచీ మొగుడూ పెళ్లాలకి మాటల్లేవు. ముందు నేనెందుకు పలకరించాలన్న పంతంతో ఆ కబురు ఆయనకి చెప్పలేదు. కాసేపటికి ఆయనే ఏదో అన్నాడు, ఈవిడ రెండు అంది. ఆయన విసురుగా బండి తీసి వానలోకి వెళ్లిపోయాడు. మలుపులో బండి జారింది. ఇక తిరిగి రాలేదు.

తన గొడుగు కోసం వస్తూనే నాన్న పోయాడనుకుంది పిల్ల. తల్లి కాదనలేదు. ఆ రోజు నుంచి ఆ పిల్ల ఎవరినీ ఏదీ అడగదు. జ్వరమొస్తే మాత్ర అడగదు. బస్సులో ఎవరైనా కాలు తొక్కితే జరగమని కూడా అనదు. "అడిగితే మనుషులు పోతారమ్మా," అంది ఒకసారి, ఉతికిన బట్టలు మడతపెడుతూ, చాలా మామూలుగా. తల్లికి గుండె తరుక్కుపోయింది. నిజం చెబితే పిల్ల తేరుకుంటుంది, కానీ తన మొహం చూడదు. ఆ భయంతోనే ఆవిడ గురువారం గుంపులో చేరింది.

మనసులో బరువు ఒకరికొకరు చెప్పుకోడానికి వారానికోసారి ఆసుపత్రి మేడ మీద గదిలో కూర్చుంటారు. డాక్టరమ్మ కాక ముగ్గురే: మైకు ఆవిడ, రిటైరైన లెక్కల మాస్టారు, ఒక ఎలక్ట్రీషియన్. మొదలయ్యాక కొత్తవాళ్లని చేర్చుకోరు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు కదా, ఆ గదిలో మాత్రం అది చెల్లదు. అక్కడ అన్న మాట గడప దాటదు. ఒట్టు పెట్టుకున్నారని కాదు, నిజంగానే దాటదు. మనిషి గడప మీద కాలు పెట్టగానే మాట వెనక్కి జారి గోడవారన చేరుతుంది. "ఈ వారం మాటలు తడిగా ఉన్నాయి, చీపురు లాగట్లేదు," అని ఊడ్చే ఆయా సణుక్కుంటుంది.

మాస్టారికి ఇదంతా మహా ముచ్చట. "సంవృత ధర్మమమ్మా ఇది! సరి సంఖ్యల్ని ఎన్నిసార్లు కూడు, సరి సంఖ్యే వస్తుంది. జవాబు బయటికి పోదు. మనమూ అంతే!"

ఒక గురువారం ఆవిడ అలవాటు కొద్దీ, ఇంట్లో చెప్పబోయేది ఇక్కడ ఒకసారి అని చూసుకుందామనుకుంది. అనేసింది. గుండె దూదిపింజంత తేలికైంది. తీరా ఇంటికెళ్లి కూతురి ఎదురుగా కూర్చుని నోరు తెరిస్తే ఆ మాటొక్కటీ బయటికి రాలేదు. కాగితం మీద రాయబోతే చెయ్యి కదల్లేదు. పిల్ల అలా చూస్తూ ఉంది. ఏంటమ్మా అని కూడా అడగలేదు. అడగదుగా!

తర్వాతి గురువారం ఆవిడ తల బాదుకుంది. "ఎంత పని చేశానండీ!"

"ఏడవకక్కా, నేను చెప్పొస్తా," అని ఎలక్ట్రీషియన్ చరచరా మెట్లు దిగి, తల గోక్కుంటూ తిరిగొచ్చాడు. "ఏం చెప్పాలో గుర్తులేదక్కా."

"పిల్లనే ఇక్కడికి తీసుకొస్తాను," అందావిడ.

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "గుంపు కూర్చున్నప్పుడు కొత్తవాళ్లు ఒక్కళ్లు లోపలికొచ్చినా ఇక ఇది మూసిన గుంపు కాదమ్మా."

"సరి సంఖ్యల్లో ఒక బేసి పడితే చాలు, కూడిక బయటికి పోతుంది," అన్నారు మాస్టారు మెల్లిగా. "నీ మాటొక్కటే కాదు, ఇక్కడ మనం అన్నవన్నీ వీధిన పడతాయి."

ఎలక్ట్రీషియన్ కుర్చీలో కూలబడ్డాడు. మంచాన పడ్డ అన్నకి ఏళ్ల తరబడి సేవ చేసినవాడతను. అన్న పోయిన క్షణాన ఏడుపుకన్నా ముందు 'హమ్మయ్య' అనుకున్నానని ఈ గదిలోనే చెప్పుకున్నాడు. కన్నకొడుకులా చూసుకునే వదిన, అతని కోసం ప్రతి వారం కింద బెంచీ మీద కూర్చుంటుంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. ఇప్పుడది అతని కాళ్ల మీద పడబోతోంది.

"నా వయసుకి పరువేమిటి, నాకిష్టమే," అన్నారు మాస్టారు.

"నాకో వారం టైమివ్వక్కా," అన్నాడు ఎలక్ట్రీషియన్.

వారం గడిచాక అతనే ఆవిడ ఇంటికెళ్లి పిల్లని వెంటబెట్టుకొచ్చాడు. బెంచీ పక్కనుంచి వస్తూ వదిన వైపు ఒకసారి చూశాడు. మెట్లెక్కి తలుపు తీసి పట్టుకున్నాడు. "లోపలికి రా తల్లీ."

పిల్ల గడప దాటింది. గోడవారనున్న మాటలన్నీ ఒక్కసారిగా కదిలి, ఆమె పక్కనుంచి జారుకుంటూ మెట్లు దిగిపోయాయి. ఎలక్ట్రీషియన్ కిటికీలోంచి చూశాడు. కింద వదిన తలెత్తి వింది. లేచి, సంచీ భుజాన వేసుకుని, అతని కోసం ఆగకుండా వెళ్లిపోయింది. అతను గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"నాన్న నీ గొడుగు కోసం బయల్దేరలేదమ్మా," అంది తల్లి. మాట తేలిగ్గా వచ్చింది. "నువ్వు ఫోన్ చేశావని నేను చెప్పనేలేదు. నా మీద కోపంతో వెళ్లిపోయాడు. నీ తప్పేం లేదు."



"అయితే నాన్న నా కోసం రాలేదా?" అంది పిల్ల.

తల్లి ఈ మాటకి సిద్ధపడలేదు. తిడుతుందనుకుంది, మొహం తిప్పుకుంటుందనుకుంది. పిల్ల ఇన్నాళ్లూ తప్పుతో పాటు, తన కోసం వానలో బయల్దేరిన నాన్నని కూడా దాచుకుందని ఆవిడకి ఇప్పుడే తెలిసింది. ఆయన్ని కూడా తీసేసుకుంది తను.

"చెప్పుంటే వచ్చేవాడే తల్లీ. చెప్పులేసుకోకుండా పరిగెత్తుకొచ్చేవాడు. నేనే చెప్పలేదు."

పిల్ల గొల్లున ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు. డాక్టరమ్మ కుర్చీలు ఎత్తి పక్కన పెట్టుకుంటూ పోయింది. ఏడుపు తెరిపిచ్చాక పిల్ల తల్లి మొహంలోకి చూడకుండానే చెయ్యి చాచింది.

"అమ్మా, కాళ్లు ఆడట్లేదు. కాస్త పట్టుకుని మెట్లు దింపవా?"