ఖాళీ స్లాట్

అన్నదమ్ములు విడిపోయేటప్పుడు గిన్నెలు పంచుకుంటారు, మంచాలు పంచుకుంటారు. వీళ్లిద్దరూ కంప్యూటర్ పంచుకున్నారు. ఇళ్ల నమూనాల బొమ్మలు గీసే దుకాణం ఇద్దరిదీ. అందులోని రెండు ప్రాసెసర్ల కంప్యూటరూ ఇద్దరిదే. మాటామాటా పెరిగి దుకాణం మూతపడ్డాక, వాళ్లమ్మ స్క్రూడ్రైవర్ తెప్పించి మరీ చెరో ప్రాసెసర్ చేతిలో పెట్టింది. ఆ రెండిటినీ బిగించే మదర్‌బోర్డు దగ్గర మాత్రం ఇద్దరూ పట్టుబట్టారు. చివరికది పాత సామాన్లవాడి పాలైంది. అంత బుద్ధిమంతులు.

ఇప్పుడు తమ్ముడు తన ప్రాసెసర్‌ని చేతిరుమాల్లో చుట్టుకుని, విడిభాగాలమ్మే కొట్లో నిలబడ్డాడు. ఇద్దరికీ అలవాటైన కొట్టే. కోపం ఎప్పుడో చల్లారింది. బాధ వస్తుందేమోనని చూశాడు, అదీ రాలేదు. అన్నం తింటున్నా తిన్నట్టు లేదు, పడుకున్నా పడుకున్నట్టు లేదు.

కొట్టాయన పాత బోర్డులు రెండు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇది ఒక్క ప్రాసెసర్‌ది. అది రెండింటిది. మీ ఒక్కరికి ఇది చాలు కదా బాబూ."

తమ్ముడు ప్రాసెసర్ పెట్టే స్లాట్ ఒక్కటే ఉన్న బోర్డుని చేతిలోకి తీసుకున్నాడు. తేలిగ్గా, శుభ్రంగా ఉంది. ఇది కొంటే, రేపు అన్నయ్య తన ప్రాసెసర్ పట్టుకుని వచ్చినా పెట్టడానికి చోటుండదు. అంతటితో తెగిపోతుంది. తెంచుకుందామనే కదా వచ్చింది. అయినా చెయ్యి జేబులోకి పోలేదు.

"రెండోదే ఇవ్వండి," అన్నాడు, ఎవరో పక్కనుంచి అన్నట్టుగా.

"మీ ఇష్టం. కానీ రెండో స్లాట్ ఖాళీగా వదిలేస్తే బోర్డు ఆన్ అవ్వదు. ప్రాసెసర్ బదులు పేరుకో డమ్మీ కార్డైనా పెట్టాలి."

"తెలుసు. అదీ ఇవ్వండి."

కొట్టాయన సొరుగు లాగి, వెతికి, మూసేశాడు. "ఒక్కటే ఉండేది. మొన్న మీ అన్నయ్య పట్టుకెళ్లాడు."

"అన్నయ్యకెందుకు?"

"ఆయనా రెండు స్లాట్ల బోర్డే తీసుకున్నాడు. మీలాగే చాలాసేపు నిలబడ్డాడు."

తిమ్మిరెక్కిన కాలు నేల మీద మోపినట్టు, ఇన్నాళ్లకి తమ్ముడికి ఎక్కడో నొప్పి పుట్టింది. బోర్డుని మెల్లగా కొట్టాయన వైపు జరిపాడు.

"ఇది లోపల పెట్టేయండి. అన్నయ్య దగ్గర మాకు ఒకటి ఉందిగా."

"మరి డమ్మీ కార్డు?"

"అది కూడా తిరిగి తెచ్చిచ్చేస్తాంలెండి."