ఉల్లిపాయల హెల్మెట్

మా ఇంట్లో హెల్మెట్ వంటింటి మేకుకు వేలాడుతూ ఉండేది. అందులో ఉల్లిపాయలు ఉండేవి. గాలి తగులుతుంది, కుళ్లవు అని ఆ ఏర్పాటు చేసింది మా ఆయన వరప్రసాద్ గారే. కొన్ననాటి నుంచి దాన్ని ఆయన తల మీద చూసినవాళ్లు లేరు. ట్రాఫిక్ పోలీసులు తీసి పంపే ఫోటోల్లో కూడా ఆయన జుట్టు చక్కగానే పడేది.

అసలు సంగతి ఆ జుట్టే. ఎడమ చెవి పైన పొడుగ్గా పెంచిన పాయను కొబ్బరినూనెతో తడిపి, నడినెత్తి మీదుగా కుడి చెవి దాకా తెచ్చి పరుస్తారు. ఆ పని పూర్తయ్యేలోగా నేను ఇడ్లీ వాయి దించి, పచ్చడికి పోపు కూడా పెట్టేస్తాను. హెల్మెట్ పెడితే కట్టిన వంతెన కూలుతుంది. గాలికి కూలకుండా ఆయన బుల్లెట్ బండిని ఎద్దుబండిలా నడుపుతారు.

పోయిన వానాకాలం అఫ్జల్‌గంజ్‌లో బస్సు వెనక మా బండి జారింది. నా హెల్మెట్ డివైడర్ అంచుకు కొట్టుకుని గీత పడింది. ఆయన తల ఆ అంచుకు జానెడు ఇవతల ఆగింది. లేచి ఆయన చేసిన మొదటి పని బండి అద్దంలో జుట్టు చూసుకోవడం. నేను ఆ అంచునే చూస్తూ నిలబడిపోయాను. ఆనాటి నుంచి ఆయన బండి తాళం తీసిన చప్పుడు వినిపిస్తే చాలు, నా పోపు మాడేది. చెప్పి చూశాను, అలిగి చూశాను. అన్నిటికీ “సరేలే నాగవల్లీ” అని దువ్వెన అందుకునేవారు.

అప్పుడు మా ఆయనకు బాలకిషన్ దొరికాడు. ఉస్మాన్‌గంజ్‌లో ఎండుమిర్చి వ్యాపారం. ఆదివారాలు బుల్లెట్ బళ్లవాళ్లను వెంటేసుకుని గండిపేట దాకా వెళ్లివస్తుంటాడు. వాళ్లంతా మొదట్లో అబిడ్స్ వెనక సందులో, ఒక చర్చి ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ దగ్గర కలిసేవారట. లోపల పాటలు, బయట సైలెన్సర్లు. పోలీసులకు చెబుదామని సంఘ పెద్దలు అంటే, పాస్టరు మొగులయ్య గారు తానే బయటికొచ్చి, చాయ్ మేమే పోస్తాం, లోపలికి రండి అన్నారట. గేటు దగ్గర ఇంజన్ ఆపి బండిని నెట్టుకుంటూ రావాలన్నది ఒక్కటే షరతు. అప్పటి నుంచి చర్చి ఆవరణలో క్రోటన్ కుండీల పక్కన బుల్లెట్లు వరసగా నిలబడుతున్నాయి. అంత బరువు నెట్టుకొచ్చినవాడు రొప్పుతాడే తప్ప గోల చేయలేడు. పాస్టరు గారు ఆలోచించే పెట్టారనుకుంటాను.

ఆ గుంపులో చేరాలని మా ఆయనకు ఒకటే తపన. ఆదివారం బళ్లవాళ్లకు ప్రార్థన ఉంది, అది కాగానే గండిపేట పోదాం, వదినను కూడా తీసుకురమ్మని బాలకిషన్ చెప్పాడు. బళ్లవాళ్లకు ప్రార్థన అంటే మా ఆయనకు వాహనపూజే. శనివారం బండి కడిగారు, తుడిచారు, పసుపు కుంకుమ పెట్టారు. పొద్దున్నే బంతిపూల దండ వేశారు. చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు తెచ్చారు. అది చర్చి అని గుర్తుచేశాను. దేవుడు ఎవరైనా బండి బండే కదా అన్నారు. హెల్మెట్ సంగతి ఎత్తితే, దాన్నిండా ఉల్లిపాయలున్నాయి కదా అన్నారు.

దండతో సహా బండిని నెట్టుకుంటూ లోపలికి వెళ్లాం. చాయ్ పోస్తున్న శశికళ గారు మా సంచిలో నిమ్మకాయలు చూసి, షర్బత్‌కు తెచ్చామనుకుని ఎంతో సంతోషంగా పట్టుకెళ్లిపోయారు. చక్రాల కిందకని చెప్పే ధైర్యం మా ఆయనకు లేకపోయింది.

ఆరాధన ముగిశాక పాస్టరు గారు వచ్చారు. అందరూ హెల్మెట్లు పెట్టుకుని వరసగా నిలబడ్డారు. ఆయన బళ్ల వైపు చూడనేలేదు. ఒక్కొక్కరి పేరు అడిగి, హెల్మెట్ మీద చేయి ఆనించి, రెండు మాటలు ప్రార్థించి ముందుకు జరుగుతున్నారు. తన వంతు రాగానే మా ఆయన వినయంగా బండి చూపించారు.

“బండికేం ప్రార్థన సార్?” అన్నారు పాస్టరు గారు. “అది ఇరిగితె మెకానిక్ ఉన్నడు. గీ ప్రార్థన తలకాయకు.”

ఆ మాట అని, ఉత్త తల మీదే అరచేయి పెట్టారు.

హెల్మెట్ ఉన్నవాళ్లకు రెండు మాటలు సరిపోయాయి. ఈ తలకు అవి చాలవనుకున్నారు కాబోలు, ఎముకల కోసం, కళ్ల కోసం, ఇంట్లో ఎదురుచూసే భార్య కోసం, ఎదురొచ్చే బస్సు డ్రైవర్ల కోసం కూడా ప్రార్థించారు. భక్తి పెరిగినకొద్దీ చేయి గట్టిగా అదుముతోంది. ఆమెన్ అని చేయి ఎత్తేసరికి పాయ కూడా దాని వెంట లేచి, ఎడమ భుజం మీదికి జారి వేలాడింది.

ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి నేను సిద్ధపడ్డాను గాని, ఆయన ముఖం చూశాక రాలేదు.

అందరూ బళ్లెక్కారు. ఒక్కరూ కదలలేదు. ఇక వెళ్దామా అని మా ఆయన మెల్లగా అడిగారు.

“పోదామన్నా. ఇంటికి పోయి హెల్మెట్ తెచ్చుకో. గీడనే ఉంటం,” అన్నాడు బాలకిషన్.

మీరు వెళ్లండి, నేను వచ్చేవారం వస్తానన్నారు మా ఆయన.

“గట్లెట్ల? ఒక్కన్ని ఇడిశిపెట్టి పోతే ఇగ గ్రూపేంది?”

పక్క బండి మీదున్న వైశాలి, బ్యాంకులో పనిచేసే పిల్ల, హెల్మెట్ తీసి చూపించింది. నిన్ననే పార్లర్‌లో చేయించుకున్న జుట్టు తడిసిన కోడిపిల్లలా అణిగి ఉంది. ఆ వెనకే బాలకిషన్ కూడా తీశాడు. అతని తల తోమి బోర్లించిన గిన్నెలా ఉంది.

“నాది ఎప్పుడో పోయింది. గీడ ఎవ్వలకు దాస్తవన్నా?” అన్నాడు.

నేను ఆటోలో వెళ్లి తెస్తానని బయల్దేరబోయాను. “నువ్వు కూసో వదినా, ఉప్మా తిను. అన్న పోతడు,” అన్నాడు. హెల్మెట్ లేకుండా గేటు దాటకూడదని బండి తాళం కూడా అతనే అడిగి పుచ్చుకున్నాడు. భుజం మీద పాయ వేసుకుని మా ఆయన ఆటో ఎక్కి నాంపల్లిలో మా ఇంటికి వెళ్లారు.

ఉప్మాలో అల్లం కాస్త ఎక్కువైంది గాని నేను పైకి అనలేదు. అందరూ కూర్చుని మా నిమ్మకాయల షర్బత్ తాగుతూ ఎండ ముదరడం చూశారు. ఎవరూ విసుక్కోలేదు. నాకు ఆశ పుట్టింది అందుకే. సాధించేవాళ్లను మా ఆయన సులువుగా గెలుస్తారు. అందులో ఆయనకు నా దగ్గర బోలెడంత అభ్యాసం ఉంది. ఏమీ అనకుండా ఎదురుచూసేవాళ్లను ఏం చేయాలో ఆయనకు తెలియదు.

ఆటో తిరిగొచ్చింది. ఆటో దిగకముందే హెల్మెట్ ఆయన తల మీద ఉంది. పాస్టరు గారు మళ్లీ వచ్చి దాని మీద చేయి పెట్టి, ఈసారి రెండు మాటలతో సరిపెట్టారు. గేటు దాకా బళ్లు నెట్టుకెళ్లి ఇంజన్లు స్టార్ట్ చేశారు. వెనక కూర్చున్న నాకు ఉల్లిపాయల వాసన గుప్పుమంది. బండి మాత్రం మొదటిసారి బుల్లెట్‌లా పరుగెత్తింది. గాలికి కూలేది ఇంకేమీ మిగల్లేదు కదా.

గండిపేటలో హెల్మెట్ తీస్తే నడినెత్తికి ఎర్రటి ఉల్లిపొట్టు అతుక్కుని ఉంది. బాలకిషన్ దాన్ని జాగ్రత్తగా ఊడదీసి ఆయన చేతిలోనే పెట్టాడు. ముందుగా నవ్వింది మా ఆయనే.

మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ ఆయన సెలూన్‌కు వెళ్లారు. నేను సుల్తాన్ బజార్‌కు వెళ్లి ఉల్లిపాయలకు ఒక బుట్ట కొన్నాను. హెల్మెట్ ఇప్పటికీ ఆ వంటింటి మేకుకే ఉంటుంది, కాని ఖాళీగా. బండి తాళం చప్పుడైతే నేను ముందు మేకు వైపు చూస్తాను. అక్కడ ఏమీ లేకపోతే, నిదానంగా పోపులో కరివేపాకు వేస్తాను.