సంతకం పెట్టే పేజీ

ఝాన్సీ ఇంగ్లీషు సాహిత్య చరిత్ర పుస్తకంలో ఏ పేజీ తెరిస్తే, వాళ్ళ నాన్న కోటిలింగం ఆ పేజీలోని మగవాడైపోతున్నాడు. పొద్దున్నుంచీ ఇదే వరస.

పది గంటల బస్సుకు వెళ్ళి డిగ్రీ కాలేజీలో దరఖాస్తు ఇవ్వాలి. దాని మీద నాన్న సంతకం లేదు. మామూలు నాన్నను అడగాలంటే ఆమెకు నోరు పెగలదు. అందుకే పేజీలు తిప్పుతోంది.

పన్నెండో పేజీలో ఆయన యోధుడు. గడ్డం మంచం దిగి నేల మీద పాకుతోంది.

"ఏం గెలిచావు?"

"ఇంటర్ పరీక్ష."

"దానికి తోకుందా?"

"లేదు నాన్నా."

"తోకలేనిదాన్ని గెలిస్తే ఏం గొప్ప?" అని పెన్నును ఈటెలా నేలలో గుచ్చుతాడు.

నలభయ్యో పేజీలో ఇనుప చొక్కా వస్తుంది. దానికీ నాన్న పొగాకు ఆరబెట్టే బ్యారన్ కొట్టం వాసనే. గుర్రం దిగి వంటింటి గడప ముందు మోకరిల్లుతాడు. "దేవీ, ఆజ్ఞాపించు!"

"ముందా గుర్రాన్ని గుమ్మంలోంచి తియ్యయ్యా, పాలాయన రావాల," అంటుంది అమ్మ.

"సంతకం పెట్టమని చెప్పమ్మా," అని ఝాన్సీ గుసగుసలాడుతుంది.

"ఇన్నేళ్ళూ నా మాట ఇన్లా. ఇయ్యాళ ఇంటాడేమోనని భయంగా ఉందే."

డెబ్బయ్యో పేజీలో ఆయన ప్రేమికుడు. ఏడుస్తూ, ఈక కలంతో దరఖాస్తు అంచుల నిండా అమ్మ జడను పొగుడుతూ పద్నాలుగు పాదాల పద్యం రాస్తాడు. సంతకం చోటు మాత్రం ఖాళీగా వదిలేస్తాడు.

ఫ్యాను గాలికి పేజీలు వాటంతటవే తిరుగుతాయి. నాన్నకు గడ్డం వస్తుంది, పోతుంది, కన్నీళ్ళు వస్తాయి, గుర్రం సకిలిస్తుంది. రోడ్డు మీద బస్సు హారన్ వినిపిస్తుంది. ఝాన్సీ పుస్తకం మూసేస్తుంది.

మంచం మీద లుంగీ కట్టుకున్న నాన్న మిగులుతాడు. గుర్రం మాత్రం గుమ్మంలోనే ఉంటుంది.

"ఏంది తల్లీ, పొద్దున్నుంచీ నన్నిట్టా తిప్పుతున్నావు?"

"నేను కాలేజీకి పోతా నాన్నా. సంతకం పెట్టు."

"ఈ ముక్క అడగటానికి ఇంతమందిని పిలిచావా?"

నేలలోని పెన్ను పీకి రాయడం మొదలుపెడతాడు. సంతకం కాగితం దాటుతుంది. మంచం దిగి, గుర్రం కాళ్ళ మధ్యగా గడప దాటి, రోడ్డెక్కుతుంది. ఝాన్సీ దరఖాస్తు పట్టుకుని ఆ తడి గీత వెంటే నడిచి బస్సెక్కుతుంది. ప్రయాణికులు కాళ్ళు పైకెత్తి గీతకు దారిస్తారు.

బస్సు కదులుతుంది. వెనక అద్దంలోంచి చూస్తుంది. రాసే చేయి భుజం దాకా సిరాగా కారిపోయిన నాన్న, రెండో చేత్తో బస్సును పొమ్మని ఊపుతున్నాడు.