సమయం కుదరలేదని రాయను

నిరోషది మోత్కూర్. సైకాలజీలో ఎమ్మే పూర్తిచేసి నల్లగొండలో ఒక కౌన్సెలింగ్ కేంద్రంలో శిక్షణకు చేరింది. సూపర్‌వైజర్ కింద రెండు వందల గంటలు పనిచేసి, ఆయన సంతకం తెచ్చుకుంటేనే సర్టిఫికెట్.

ఆమెకు ఇచ్చిన తొలి కేసు కట్టంగూర్ నుంచి వచ్చే ఒక పెద్దావిడ. భర్త పోయినప్పటి నుంచి ఆవిడకు నిద్ర లేదు. మొదటిసారి గంటసేపూ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కూర్చుంది. మూడోసారికి భర్త మీద కోపం కూడా చెప్పుకొని ఏడ్చింది. నాలుగోసారి నవ్వుతూ వచ్చింది.

"మంచిగ నిద్ర పడ్తాంది బిడ్డా. అవునుగని, మీరేమిటోళ్లు?"

"మాదిగోళ్లం అమ్మా."

ఆవిడ చేతిలో ఉన్న మంచినీళ్ల గ్లాసు తాగకుండానే కింద పెట్టింది. వెళ్తూ వెళ్తూ, వేరే మేడమ్ కావాలని ఆఫీసులో చెప్పిపోయింది.

మర్నాడు సూపర్‌వైజర్ బాలకృష్ణారావు నిరోషను పిలిచి ఫైలు ముందుకు జరిపారు. "కేసు నీతోపాటు చేరిన నవనీతకు ఇచ్చాను. కారణం దగ్గర, సమయం కుదరలేదని రాసి సంతకం పెట్టు."

"సమయం కుదిరింది సార్. కులమే కుదరలే."

"మన గురించి మనం చెప్పుకోకూడదని మొదటి వారమే నేర్పాను కదమ్మా!"

"మీ పేరు చివరి రావు తలుపు మీదనే ఉన్నది సార్. మిమ్మల్ని ఎవ్వరు అడగరు. నన్ను అడుగుతరు. అబద్ధం చెప్పాల్నా?"

"బాధలో ఉన్న మనిషితో కొట్లాడతావా?"

"ఆమెతోని నాకు కొట్లాట లేదు. నవనీత దగ్గరికే పోనియ్యుండ్రి. కాయితం మీద మాత్రం అబద్ధం రాయ."

నిరోష పెన్ను తీసి, 'నా కులం తెలిసి వద్దన్నారు' అని రాసింది.

"ఇలాగైతే నీ గంటలకు నేను సంతకం పెట్టను."

"పెట్టకుండ్రి సార్."

శనివారం అందరూ కూర్చుని కేసులు చర్చించేటప్పుడు నిరోష ఆ ఫైలు చదివి వినిపించింది. చివరి వాక్యం దాకా ఆపలేదు. తోటి శిక్షణార్థి జేబా లేచి నిలబడింది.

"పోయిన నెల నా పేరు వినంగనే ఒకాయన వద్దన్నడు. మీరు చెప్తే సమయం కుదరలేదని రాసిన సార్. గా ఫైలు గూడ ఇయ్యుండ్రి, దిద్దుత."

కేంద్రం నడిపే డాక్టర్ మెర్సీ రెండు ఫైళ్లూ తెప్పించుకుని చూశారు. తర్వాత, ఎవరు మార్పు అడిగినా ఇకమీదట సూపర్‌వైజరే వాళ్లతో మాట్లాడి, కారణం తన చేత్తో రాయాలన్నారు. కట్టంగూర్ ఆవిడతోనే మొదలు.

"పిల్ల మంచిదే సార్," అంది ఆవిడ, బాలకృష్ణారావు అడిగినప్పుడు. "మా వాడకట్టుల తెలిస్తే ఏమంటరో అని."

ఆయన ఆ మాటలు ఉన్నదున్నట్టు రాశారు. నెల తర్వాత నిరోష గంటలకు తలెత్తకుండా సంతకం పెట్టారు.

ఆవిడ నవనీత దగ్గరికే వస్తోంది. అది నిరోషకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. కానీ వరండాలో ఆవిడ ఎదురుపడినప్పుడు తల దించుకునేది నిరోష కాదు.