మూడో వెలుగు

ఆ స్ఫటికాన్ని కొలిమిలో నాలుగు నెలలు పెంచాను. రోజుకి అర డిగ్రీ చొప్పున వేడి తగ్గిస్తూ, పక్కన కూర్చుని దానితో కబుర్లు చెప్పేదాన్ని. పిచ్చి ముదిరిందనుకున్నా నాకేం సిగ్గులేదు.

దాని పని ఒక్కటే. కంటికి కనపడని లేజర్ కాంతిలో కొంత, ముందు పెట్టిన వేరే స్ఫటికంలో ఆకుపచ్చగా మారుతుంది. ఆ పచ్చదనమూ, మారకుండా మిగిలిన కాంతీ నా స్ఫటికంలో కలిసిపోతే మూడు రెట్లు వేగంగా కంపించే కాంతి పుడుతుంది. అదీ కంటికి ఆనదు. తెల్లకాగితం మీద పడితే మాత్రం నీలంగా మెరుస్తుంది. సాయంత్రంలోగా ఆ నీలం చూపించకపోతే కొలిమి ఆర్పేస్తామన్నారు మా ప్రయోగశాల పెద్దసారు. అందులో నేను పెంచుతున్న ఇంకో స్ఫటికం సగం పెరిగి ఉంది.

పొద్దున్నే అమ్మతో గొడవొకటి. నా తెల్లకోటు ఉతికిన ప్రతిసారీ గుప్పెడు సబ్బుపొడి కుమ్మరిస్తుంది. కోటు ఉతికావా, సున్నం కొట్టావా అని విసుక్కుని వచ్చేశాను.

లేజర్ చూసేది మా అక్క మొగుడే. దీపాలార్పి, స్ఫటికాన్ని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతున్నాడు బావ. మామూలు కాగితం దుమ్ము రాలుస్తుందని గదిలోకి రానివ్వడు, వడపోత కాగితమే పెట్టాడు. పచ్చకాంతిని అద్దంతో పక్కకి మళ్ళించాక దాని మీద ఏమీ లేదు. నాలుగైంది. ఆ చీకట్లో ఎంతసేపు నిలబడ్డానో, నేనే ఏదో ద్రవంలో మెల్లగా గడ్డకడుతున్నట్టు అనిపించింది.

"వదిలెయ్ మరదలా, పుట్టలేదు."

ఏడుపొచ్చింది. ఒళ్ళు మండి, ఆ కాగితం పీకేద్దామని చెయ్యి చాపాను. కోటు చేతి అంచు మీద నీలం చుక్క వెలిగింది.

కాంతికి చెయ్యి అడ్డం పెట్టొద్దని రోజూ నామీద కేకలేసే మనిషి, గుసగుసగా అన్నాడు. "చెయ్యి తియ్యకు."

తెల్లదనం కోసం సబ్బుపొడిలో కలిపే మందే అలా మెరుస్తుంది. మామూలు కాగితంలోనూ అదే ఉంటుంది. వడపోత కాగితంలో ఉండదు. పొద్దున్నుంచీ పుడుతున్న వెలుగుని మేమే చూడలేదు. పెద్దసారొచ్చి నా చేతి దగ్గర వంగి చాలాసేపు చూశారు. కొలిమి ఆర్పలేదు.

బయటికొచ్చి అమ్మకి ఫోన్ చేశాను.

"కోటుకి ఎంత పొడి వేశావమ్మా?"

"గుప్పెడే. మళ్ళీ తిడతావా?"

"రేపు కూడా అంతే వెయ్యి" అన్నాను.